రంగు మారని కాగితం

విజయవాడ, పటమట
జూలై, ఆదివారం స్టడీ అవర్

పూజ్యురాలు, మా పెద్దమ్మ పెద్దకూతురు, చల్లపల్లి హైస్కూలు భౌతిక రసాయన శాస్త్రాలకు ఏకైక దిక్కు అయిన ఉషక్క దివ్యసముఖమునకు, తమ్ముడు మణికుమార్ నమస్కరించి, కింద రాయబోయే ప్రతి వాక్యానికీ ముందస్తుగా క్షమాపణ కోరుతూ రాయునది.

ముందు నిన్ను క్షమాపణ అడుగుతున్నాను, పోరి పోరి నాచేత ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించినందుకు. తరువాత మూలకాలన్నిటినీ పేరుపేరునా అడుగుతున్నాను, వాటిని నేను పిల్లలకు పరిచయం చేస్తున్న తీరుకు. ఆ తరువాత మా నాన్న వలనూ, తాత పడవనూ అడుగుతున్నాను. వాటిని పట్టుకుని ఉంటే కనీసం చేపలైనా నా దారికి వచ్చేవి. ఇంత వినయం చూసి ఏదో ఘోరం చేశాననుకునేవు. నేనేమీ చెయ్యలేదు. ఇలా మొదలుపెడితే చివరిదాకా చదువుతావని ఆశ, అంతే.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేంట్రా అంటావు. మా బళ్లో టీచర్లం గుడి బయట చెప్పులు విప్పినట్టు, పొద్దున్నే గేటు దగ్గర ఫోన్లు విప్పాలి. రాత్రి తిరిగి చేతికొచ్చేసరికి మాట్లాడే గొంతు మిగలదు. కాబట్టి స్టడీ అవర్లో పిల్లలు వల్లెవేస్తుంటే పాత ప్రశ్నపత్రాల వెనకవైపు ఇది రాస్తున్నాను. సూరయ్య మావయ్య తెల్లారేసరికి మీ ఊరి నుంచి చేపల వ్యాను తెచ్చి మార్కెట్లో దింపి వెళ్తాడు కదా, ఆయన చేతికిస్తాను. తపాలా శాఖ వారు కూడా నన్ను క్షమించాలి.

ఇక విషయం. మా బడికి అద్దాల గోడల ల్యాబ్ ఉంది. అడ్మిషన్లప్పుడు తల్లిదండ్రులను తిప్పి చూపించడానికి కట్టారు. అందులోకి తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకెళ్తానంటే, మా అకడమిక్ ఇన్‌చార్జి నాగేశ్వరరావు గారు నన్ను విచిత్రంగా చూశారు.

“లోపలికెందుకండీ?”

“ప్రయోగం చేద్దామని సార్.”

“ప్రయోగం బుక్కులో ఉంది కదండీ. బొమ్మ కూడా ఉంది.”

బతిమాలి బతిమాలి ఒక పీరియడ్ సంపాదించాను. నీలి లిట్మస్ కాగితం నిమ్మరసంలో ముంచితే ఎర్రబడాలి. ఎల్కేజీ స్థాయి అద్భుతం. అయితే ఆ కాగితాల డబ్బా అద్దాల గోడ పక్కనే ఎన్ని వేసవుల నుంచి ఉందో, బెజవాడ ఎండకి వెలిసి వెలిసి ఉతికిన పంచె రంగుకి వచ్చేసింది. ముంచాం. ఏమీ కాలేదు. మళ్లీ ముంచాం. తడిసింది, అంతే. నేను సిగ్గుతో చస్తూ, “సరే, చూసింది రాయండి” అన్నాను.

అక్కా, నలభై మంది పిల్లలు, నలభై పేపర్లు: “నీలి లిట్మస్ ఎరుపు రంగులోకి మారెను.” మారెను అట! ఎర్రని స్కెచ్ పెన్నుతో కింద గీత కూడా. నలభై ఒకటో పేపరు శాలిని అనే పిల్లది. అందులో ఒకటే ముక్క: “మారలేదు సార్.”

నా కళ్లు చెమర్చాయి. వెంటనే ధర్మాన్ని ప్రతిష్ఠించాను. నలభై మందికి సున్నా, శాలినికి పదికి పది. ఆ పేపరు అందరికీ ఎత్తి చూపించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. రసాయన శాస్త్రం ఎట్టకేలకు ఒక గురువును కనుగొన్నదని నా వినమ్ర అభిప్రాయం. నీ అభినందనలు రెండు పేజీలకు మించకుండా పంపగలవు.

నీ తమ్ముడు
మణి


చల్లపల్లి
ఆగస్టు

ఒరేయ్ మణీ,

నీ ఉత్తరం చందువా చేపల ట్రే కింద నుంచి వచ్చింది. కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోతే ఆవిరి పట్టి విడదీశాను. చదివాక, అనవసరంగా కష్టపడ్డాననిపించింది.

సున్నాలు పెట్టావా? నలభై మందికా? కాగితాలు పనిచేస్తాయో లేదో ముందురోజు చూసుకోనిది నువ్వు. సున్నాలు వాళ్లకి. బాగుందిరా న్యాయం!

ఆ పిల్లలు అబద్ధమాడలేదు. పరిశీలన అని గడి గీసి ఉంటే, అది పుస్తకంలో ఉన్నది దించే చోటు అని ఆరో క్లాసు నుంచి నేర్పింది మనమే. నీలాంటివాళ్లూ నాలాంటివాళ్లూ. చెప్పింది చెప్పినట్టు నేర్చుకున్నందుకు సున్నా వేసిన మొనగాడివి మాత్రం నువ్వొక్కడివే. ఇంకో సంగతి. పదికి పది ఇచ్చి అందరి ముందూ ఎత్తి చూపించావు చూడు, అది మెచ్చుకోవడం కాదు. ఒక్కదాని మీదికి నలభై మందిని ఉసిగొల్పడం. ఆ పిల్లని కనిపెట్టుకుని ఉండు.

ఇప్పుడు చెప్పేది బుద్ధిగా విను. ప్రయోగం చేసే ముందు ఏం జరుగుతుందో ఊహించి రాయమను. ఎందుకలా అనుకుంటున్నారో కూడా రాయమను. తర్వాత చెయ్యి. ఊహ తప్పినవాడికి మార్కు తియ్యకు, వాడిచేత ముందు మాట్లాడించు. నేను పసుపు, సున్నం తీసుకెళ్లాను. కలిపితే ఎర్రగా అవుతుందని సగం మందికి ఇంట్లోనే తెలుసు, పారాణి చూసిన పిల్లలే కదా. “మరి ఆ ఎరుపు మీద నిమ్మకాయ పిండితే?” అన్నాను. క్లాసు రెండుగా చీలిపోయింది. ఇంకా ఎర్రబడుతుందని ఒకళ్లు, నల్లబడుతుందని ఒకళ్లు. పిండితే మళ్లీ పసుపుపచ్చగా అయింది. ఇక ఒకటే గోల. ఆ గోలలో ఆమ్లం, క్షారం అనే మాటలు పడేశాను. వాళ్లే ఏరుకున్నారు. మాట ముందు చెప్పి వస్తువు తర్వాత చూపిస్తే నిద్రపోతార్రా. వస్తువు ముందు, మాట తర్వాత.

నా ల్యాబ్ సంగతి అడక్కు. కొత్త సామాను వచ్చింది, బీరువాలో ఉంది, తాళం హెడ్మాస్టరు గారి బొడ్లో ఉంది. “గాజు సామానమ్మా, పగిలితే ఎవరు సమాధానం చెప్తారు?” అంటారు. అందుకే వంటింటి సామానుతో లాగిస్తున్నాను. నా క్లాసు మాత్రం బాగానే నడుస్తోంది.

అక్క
ఉష


విజయవాడ
సెప్టెంబరు, వీక్లీ టెస్టు ఇన్విజిలేషన్ డ్యూటీ

ఉషక్కకి,

ఈసారి బిరుదులు లేవు. వాటికి ఓపిక లేదు.

నా ధర్మప్రతిష్ఠ మూడు రోజులు నిలిచింది. నాలుగో రోజు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు మండింది. నాగేశ్వరరావు గారు పిలిచారు.

“మణికుమార్ గారూ, పుస్తకంలో ఉన్నది రాసినవాళ్లకి సున్నా, లేనిది రాసిన పాపకి పది. ఇది ఏ యూనివర్సిటీలో నేర్పారండీ?”

“సార్, నిజంగానే కాగితం మారలేదండీ.”

“మారకపోతే అది కాగితం తప్పండీ. పరీక్షలో కాగితం వచ్చి కూర్చోదు కదా.”

దీనికి జవాబు నీ దగ్గరుంటే పంపు. మార్కులు తలకిందులు చేశారు. నలభై మందికీ పదేసి, శాలినికి సున్నా. మా దగ్గర ప్రతి టెస్టుకీ పిల్లల్ని కూరగాయల్లా గ్రేడు చేసి సెక్షన్లు మారుస్తారు. ఆ సున్నాతో శాలిని ఎ సెక్షన్ నుంచి పైనున్న రేకుల షెడ్డు సి సెక్షన్‌లోకి వెళ్లింది. ఎ సెక్షన్‌లో ఉన్నంతవరకే ఫీజు రాయితీ. జనవరిలోగా పైకి రాకపోతే రాయితీ పోతుంది. అది పోతే బడి మాన్పించడం తప్ప వాళ్ల నాన్నకి దారి లేదు. నా ఉపన్యాసం ఖరీదు అదీ.

వాళ్ల నాన్న పేరు డేనియల్. ఆటోనగర్‌లో లారీలకు రంగులు వేస్తాడు. మొన్న గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“సార్, మా శాలినికి రంగులు కనబడట్లేదంట కదండీ?”

“ఎవరన్నారండీ?”

“మీ ఆఫీసోళ్లే ఫోన్ చేశారండి. అందరికీ ఎర్రగా కనబడింది, మీ పాపకొక్కదానికే కనబళ్లేదు, ఓసారి కళ్లు చూపించండి అన్నారు. రంగులేసుకుని బతికే కొంపండీ మాది! అయినా భయమేసి తీసుకెళ్లానండి. చుక్కల బొమ్మల్లో అంకెలుంటాయి చూడండి, అన్నీ గడగడా చదివేసింది. కళ్లు దివ్యంగా ఉన్నాయమ్మా అన్నాడండి డాక్టరు. మరి మార్కులెందుకు రాలేదండీ?”

అక్కా, నేను జోకులేసే మనిషిని. ఆ క్షణంలో నాకు ఒక్కటి కూడా తోచలేదు. “నేను చూస్తానండీ” అన్నాను. ఏం చూస్తానో నాకూ తెలియదు. శాలిని పక్కనే నిలబడి రోడ్డు మీద పోతున్న లారీలను చూస్తోంది.

నీ ఊహల పద్ధతి కూడా అమలు చేశాను. ఫలితాలు నివేదిస్తున్నాను. “ఏం జరుగుతుందో ఊహించి రాయండి” అన్నాను. క్లాసు లీడరు కిరీటి లేచి, “సార్, ఊహకి కరెక్ట్ ఆన్సర్ ఏంటి సార్?” అన్నాడు. కరెక్ట్ ఆన్సర్ ఉండదురా, నీకు తోచింది రాయి అన్నాను. “తప్పయితే తర్వాత వైట్‌నర్ పెట్టుకోవచ్చా సార్?” అన్నాడు. మర్నాటికల్లా ఒక ట్యూషన్ మాస్టారు ‘ముఖ్యమైన ఊహలు’ అని జిరాక్సులు పంచేశాడు. నలభై మందీ ఒకేలా ఊహిస్తున్నారు. కామాలతో సహా.

ఎలా నేర్పాలో నాకు తెలుస్తోంది. నేర్పనిచ్చే చోటు మాత్రం కనబడటం లేదు.

మణి


చల్లపల్లి
నవంబరు

మణీ,

ఇన్నాళ్లూ రాయనందుకు నీలాగా క్షమాపణలు పేర్చను. రాయబుద్ధి కాలేదు, రాయలేదు.

నా క్లాసు బాగానే నడుస్తోందని రాశాను కదా. ఆగస్టు దాకా నడిచింది. తర్వాత పదో తరగతి రిజల్టు మీద మీటింగు అయింది. మీటింగు తర్వాత నా ఖాళీ పీరియడ్లన్నీ స్పెషల్ క్లాసులకి పోయాయి. పసుపూ పోయింది, నిమ్మకాయా పోయింది. పోయిన నెల, రికార్డులు చూడ్డానికి పై ఆఫీసు నుంచి వస్తున్నారని కబురొచ్చింది. మా పిల్లలు చేసిన ప్రయోగాలు నాలుగు. రికార్డులో ఉండాల్సినవి ఇరవై. నేనేం చేశాననుకున్నావు? మిగతా పదహారు పరిశీలనలూ బోర్డు మీద నా చేత్తో రాశాను. పిల్లలు దించుకున్నారు. వెనక బెంచీలో ఆరోన్ అని ఒకడున్నాడు, వాడు లేచి “మేడమ్, ఇది మనమెప్పుడు చూశాం?” అన్నాడు. “నోర్మూసుకుని రాయరా” అన్నాను.

నిన్ను తిట్టాక నా నోటితో నేనన్న మాట అది. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. మీ బావ ఒంట్లో బాలేదా అని అడిగాడు. తలనొప్పి అన్నాను.

అందుకే నీ శుద్ధపూస కబుర్లు చదివితే చిరాకేసింది. ఇద్దరం ఒకే బురదలో ఉన్నాం. నువ్వు అద్దాల గదిలో, నేను తాళం బయట. అంతే తేడా.

నాకు తెలిసిన మార్గం ఒక్కటే రాస్తాను. ఆ పిల్ల ఎ సెక్షన్‌కి రావాలంటే యుద్ధాలు వద్దు. సాయంత్రం కాసేపు కూర్చోబెట్టి టెస్టులకి తయారుచెయ్యి. పుస్తకంలో ఉన్నది పరీక్షలో రాయమను. కళ్లతో చూసింది నీకు చెప్పమను. రెండూ వేరని విడమరిచి చెప్పు, ఏది ఎందుకో ఆ పిల్లకి తెలిస్తే చెడిపోదు. నువ్వు మాత్రం ఎక్కడా తెలివి చూపించకు. ముఖ్యంగా నలుగురిలో.

ఉష


విజయవాడ
డిసెంబరు

శ్రీమతి ఉషక్కకి,

బిరుదులు పునరుద్ధరించడమైనది, కారణం కింద చూడగలవు.

నీ మాట ప్రకారమే సాయంత్రాలు శాలినికి చెబుతున్నాను. తెలివి చూపించలేదు. దానికోసం ప్రత్యేకంగా కష్టపడాల్సిన అవసరం కూడా రాలేదు. అయితే ఎనిమిది మార్కుల తేడాతో మళ్లీ సి సెక్షనే. జనవరి దగ్గరపడింది. ఈలోగా పేరెంట్స్ డే వచ్చింది.

పేరెంట్స్ డే అంటే మా అద్దాల ల్యాబ్‌కి కల్యాణోత్సవం. చైర్మన్ గారు సోఫాలో, పెద్ద సెక్షన్ల తల్లిదండ్రులు కుర్చీల్లో, మిగతావాళ్లు వెనక నిలబడి. కిరీటి ప్రయోగం చేయాలి. గొట్టంలో జింకు ముక్కలు, వాటి మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బుసబుసమని బుడగలు రావాలి. గొట్టం మూతి దగ్గర వెలుగుతున్న అగ్గిపుల్ల పెడితే హైడ్రోజన్ టప్పుమని పేలాలి. రిహార్సల్స్‌లో చక్కగా పేలింది. వాడు ఇంగ్లీషు స్పీచ్ కూడా కంఠతా పట్టాడు.

ముందురోజు సాయంత్రం నాగేశ్వరరావు గారు అటెండరు శౌరయ్యని పిలిచి, “పేరెంట్స్ ముందు పిల్లల చేతులకి చురుక్కుమనకూడదు, ఆ యాసిడ్‌లో ఇంకాస్త నీళ్లు కలపవయ్యా” అన్నారట. శౌరయ్య ఆజ్ఞ మీరే మనిషి కాదు. ఉదారంగా కలిపాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

కిరీటి ఆమ్లం పోశాడు. జింకు ముక్కలు స్నానానికి దిగిన దున్నపోతుల్లా కదలకుండా కూర్చున్నాయి. ఒక్క బుడగ లేదు. వాడు గొట్టం వైపు చూశాడు, జనం వైపు చూశాడు, స్పీచ్ మొదలుపెట్టాడు.

“డియర్ పేరెంట్స్, యూ కెన్ అబ్జర్వ్ ది బ్రిస్క్ ఎఫర్వెసెన్స్!”

అగ్గిపుల్ల గీశాడు. మూతి దగ్గర పెట్టాడు. పుల్ల ప్రశాంతంగా కాలి వేలి దాకా వచ్చింది.

“యూ కెన్ హియర్ ది పాప్ సౌండ్!”

అంతలో చప్పట్లు మొదలయ్యాయి. మొదలయ్యాక ఆగుతాయా? చైర్మన్ గారు కొట్టారు, తల్లులు కొట్టారు, వీడియో తీస్తున్నవాళ్లు ఫోను చంకలో పెట్టుకుని మరీ కొట్టారు. నాగేశ్వరరావు గారు “ఎక్సలెంట్, ఎక్సలెంట్” అన్నారు.

చప్పట్లు తగ్గాక వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. “ఏవండీ, సౌండు రాలేదుగా?”

డేనియల్. చొక్కా మీద రంగు మరకలతో, కూతురి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు.

“చిన్న సౌండ్ అండీ, వెనక్కి వినబడదు” అన్నారు నాగేశ్వరరావు గారు.

“బుడగలు కూడా రాలేదండి. అవైతే కనబడాలి కదండీ. ఎర్రగా అవలేదని రాసిందని మా పాపని కళ్ల డాక్టరు దగ్గరకి పంపించారండి మీరు. సున్నా వేశారు. రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. ఇక్కడ ఇంతమందిమి ఉన్నాం. బుడగలు కనబడ్డవాళ్లు ఒక్కళ్లు చెయ్యెత్తండి, మా పాపని నేనే బడి మాన్పిస్తాను.”

ఎవరూ ఎత్తలేదు. కిరీటి వాళ్లమ్మ కొడుకుని అడిగింది, “వచ్చాయా నాన్నా?” వాడు తల అడ్డంగా ఊపాడు. “రాలేదమ్మా. స్పీచ్‌లో ఉంది, అందుకని చెప్పా” అని ఏడ్చేశాడు.

నాగేశ్వరరావు గారు ఆఖరి ఆశగా నావైపు తిరిగారు. “మణికుమార్ గారూ, మీరు పక్కనే ఉన్నారు. మీకు వినబడింది కదండీ?”

“లేదండీ” అన్నాను. అవును అక్కా, అన్నాను! చైర్మన్ గారి ఎదుట, నీ తమ్ముడు, మూడు అక్షరాల మహోపన్యాసం ఇచ్చాడు.

ఆ తర్వాత తల్లులంతా తమ పిల్లల రికార్డులు తెమ్మన్నారు. ఏది చూశావు, ఏది చూడలేదు అని అక్కడే విచారణలు మొదలయ్యాయి. చైర్మన్ గారు నాగేశ్వరరావు గారి చెవిలో ఏదో అన్నారు. సోమవారానికల్లా శాలిని ఎ సెక్షన్‌లో ఉంది, రాయితీతో సహా. నాకొక మెమో వచ్చింది. సంవత్సరం మధ్యలో కెమిస్ట్రీ మాస్టారు దొరకడు కాబట్టి ఉద్యోగం ఉంది. వారానికొక పీరియడ్ ల్యాబ్ ఇస్తామని కూడా అన్నారు.

విగ్రహం చల్లపల్లి సెంటర్లో పెట్టిస్తే చాలు, బెజవాడలో అక్కర్లేదు.

మణి


చల్లపల్లి
డిసెంబరు ఆఖరు

ఒరేయ్ మణీ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. డేనియల్ గారి మాటల దగ్గర ఆయన లేచి నిలబడ్డాడు. మీ పెద్దమ్మ అయితే, ఆ నాగేశ్వరరావు గారికి బొమ్మిడాయిల పులుసు పంపిస్తాను, ముళ్లు తియ్యకుండా, అంది.

ఇప్పుడు నిజం చెప్పు. శౌరయ్య మీదికి నెట్టావు గానీ, ఆ సీసాలో నీళ్లు పోసింది నువ్వే కదూ? డేనియల్ గారికి మాటలు నేర్పింది నువ్వే కదూ? నీ చిన్నప్పటి నుంచీ చూస్తున్నానురా. చేసి ఉంటే తిడతాను, తర్వాత గర్వపడతాను. వరస అదే.

ఇంకోటి. నీ ఉత్తరం చదివాక హెడ్మాస్టరు గారి దగ్గరకెళ్లి, “పగిలితే నేను సమాధానం చెప్తాను సార్, తాళం ఇవ్వండి” అన్నాను. బొడ్లోంచి తీసి ఇచ్చారు. బీరువా తలుపులు తీసింది ఆరోనే. వాడికి అప్పుడు చెప్పాను, ఆ రోజు బోర్డు మీద రాసింది తప్పని. “తెలుసు మేడమ్” అన్నాడు వెధవ.

శాలిని ఎలా ఉంది? ఆ పిల్ల సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదేం?

అక్క


విజయవాడ
జనవరి

ఉషక్కా,

నువ్వు గౌరవంగా నాకు అంటగట్టిన నేరాలు నేను చెయ్యలేదు. సీసాలో నీళ్లు పోయలేదు. డేనియల్ గారికి మాట నేర్పలేదు, ఆయనకి ఒకరు నేర్పాల్సిన అవసరం లేదు. కిరీటిని ఏడవమని చెప్పలేదు. నా గొప్పదనంలో నా వాటా చాలా తక్కువ. ఇంతకాలం నీకు ఎక్కువ వాటా లెక్క చూపించాను.

ఇచ్చిన మాట ప్రకారం ల్యాబ్ పీరియడ్ వచ్చింది. ఈసారి అన్నీ ముందురోజే సరిచూసుకున్నాను. నీలంగా ఉండే మైలుతుత్తం ద్రావణంలో ఇనప మేకు వేశాం. ముందు ఊహ, తర్వాత మేకు, నువ్వు చెప్పినట్టే. ఏ ట్యూషన్ మాస్టారికీ చెప్పకుండా దాచాను. ఒకడు మేకు కరిగిపోతుందన్నాడు, ఒకడు తుప్పు పడుతుందన్నాడు, ఒకమ్మాయి నీళ్లు నల్లబడతాయంది. పదిహేను నిమిషాలు నలభై మంది పిల్లలు నిజంగా ఒక మేకుని చూశారు అక్కా! కిరీటి తొందరపడి “ఏమీ జరగలేదు” అని రాసి, కొంచెం సేపటికి దాని కిందే “సారీ, ఇప్పుడు జరిగింది” అని రాశాడు. వైట్‌నర్ పెట్టలేదు. ఇంకొకడు మేకు రంగు గురించి “చింతపండుతో తోమని రాగిచెంబు” అని రాశాడు. మారెను అన్నవాడు ఒక్కడూ లేడు. ఇంకా ఏం కావాలి? నేను ఎగిరి గంతెయ్యాలి.

శాలిని గడి ఖాళీగా ఉంది.

మేకు చూస్తోంది. నీళ్లు చూస్తోంది. నీలం పలచబడటం అందరికంటే ముందు ఆ పిల్లే గమనించింది, నేను చూస్తూనే ఉన్నాను, గ్లాసు కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. పెన్ను మాత్రం కదలలేదు. పీరియడ్ అయిపోతుంటే నా దగ్గరకొచ్చి నెమ్మదిగా అడిగింది.

“ఏం రాయమంటారు సార్?”

“నేననడమేంటమ్మా? నీకు కనబడింది రాయి.”

“కనబడింది సార్. మీరేం రాయమంటారు?”

వెక్కిరింపు కాదు అక్కా. వెక్కిరించి ఉంటే నాకు హాయిగా ఉండేది, ఆ విద్య నాకూ వచ్చు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. బడి మానకుండా ఉండాలంటే ఏది రాయాలో మాస్టారిని కనుక్కుంటోంది. “నీకెందుకే ఈ భయం, ఆ రోజు మీ నాన్న అడిగారు, నేను లేదని చెప్పాను, అంతా సర్దుకుంది కదా” అన్నాను. శాలిని ఒక్కసారి నా చేతుల వైపు చూసింది. తర్వాత తల దించుకుని, పుస్తకంలో ఉన్న వాక్యం తప్పు లేకుండా రాసి, పేపరు బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ వాక్యం నిజమే. అక్షరం పొల్లుపోకుండా నిజం. దానికి పదికి పది వెయ్యక తప్పలేదు.

నువ్వు అడిగినవేవీ నేను చెయ్యలేదన్నాను కదా. చేసింది ఒకటుంది. పేరెంట్స్ డే గురించి రాస్తూ “అంతలో చప్పట్లు మొదలయ్యాయి” అని రాశాను. చప్పట్లు వాటంతటవే మొదలవ్వవని నీకు తట్టలేదు. నేను రాసిన తీరు అలాంటిది. పుల్ల కిరీటి వేలి దాకా కాలింది. గొట్టం నిశ్శబ్దంగా ఉంది. సోఫాలో చైర్మన్ గారు కనుబొమ్మలు ఎత్తారు. కిరీటి నావైపు చూశాడు. వాడి మీద జాలి అని నాకు నేను చెప్పుకున్నాను. జాలి కొంతే, మిగతాది భయం. వెనక వరసలో తండ్రి పక్కన నిలబడి శాలిని గొట్టాన్ని వదిలేసి నన్నే చూస్తోంది. అప్పుడు ఆ గదిలో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే అక్కా.

మణి